తొందరపడి కూసిన కాలమ్

చచ్చినవాణ్ణి మించిన మంచి ప్రత్యర్థి కాలమిస్టుకు దొరకడు. ఎంత తిట్టినా తిరిగి మాట్లాడడు, సంపాదకుడికి ఉత్తరం కూడా రాయడు.

2004 ఏప్రిల్ 22న అఫ్గానిస్తాన్‌లో పాట్ టిల్‌మన్ అనే అమెరికన్ సైనికుడు చనిపోయాడు. 36 లక్షల డాలర్ల ఫుట్‌బాల్ ఒప్పందం వదులుకుని, 2002లో తమ్ముడు కెవిన్‌తో కలిసి సైన్యంలో చేరినవాడు. ఏప్రిల్ 28న మసాచుసెట్స్ యూనివర్సిటీ విద్యార్థి పత్రికలో ఒక విద్యార్థి రాసిన కాలమ్ వచ్చింది. టిల్‌మన్ వీరుడేమీ కాడట, రాంబో వేషం కట్టబోయాడట, తగిన శాస్తే జరిగిందట. పెద్దకర్మ దాకా ఆగితే జ్ఞానం చల్లారిపోతుందనుకున్నారో ఏమో!

యుద్ధాన్ని తిట్టొద్దని ఎవరన్నారు? తిట్టండి. అయితే దాన్ని మొదలెట్టిన పెద్దలు అప్పుడు వాషింగ్టన్‌లో నిక్షేపంగా ఉన్నారు. వాళ్ళను వదిలేసి శవం దగ్గరికి పరిగెత్తడం ఏం ధైర్యం?

అసలు తమాషా వేరే ఉంది. ప్రభుత్వ యుద్ధంమీద గొంతు చించుకునే మన తిరుగుబాటుదారుడు, టిల్‌మన్ శత్రువుల చేతిలో పోయాడన్న సైన్యం కథను మాత్రం కళ్ళు మూసుకుని నమ్మేశాడు. ఆ కథమీదే తన రాంబోను కట్టుకున్నాడు. కాలమ్ అచ్చయిన మర్నాడే, అంటే 29న, టిల్‌మన్‌కు తగిలింది సొంతవాళ్ళ తూటా కావచ్చని సైన్యంలోని జనరల్ మెక్‌క్రిస్టల్ పైవాళ్ళకు రహస్యంగా రాశాడు. 30న అదే సైన్యం శత్రువును ఎదిరించి పోరాడాడంటూ సిల్వర్ స్టార్ శౌర్య పతకం ప్రకటించింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, ఆ చారెడూ సైన్యమే కొలిచి పోసింది. ఒంటిమీది యూనిఫారం అప్పటికే తగలబెట్టేశారు. సొంతవాళ్ళ తూటాకే పోయాడన్న నిజం మెల్లగా మే నెలాఖరుకు బయటికొచ్చింది.

ఒకరు పొగడడానికి, ఒకరు తెగడడానికి వాడుకున్నది ఒకే అబద్ధం. రాంబో అనిపించుకున్న ఆ మనిషేమో ఇరాక్ యుద్ధం చట్టవిరుద్ధమని సాటి సైనికులతో అనేవాడట. కాలమిస్టుగారు ఆయన్ని బతికుండగా కలిస్తే కాఫీ తాగుతూ చాలాసేపు ఏకీభవించేవారేమో!

2007 ఏప్రిల్‌లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు తల్లి మేరీ, తమ్ముడు కెవిన్ సాక్ష్యం చెప్పారు. నల్ల సిరాతో కొట్టేసిన వేల పేజీల సైనిక పత్రాలను ఆ తల్లి ఏళ్ళ తరబడి చదివింది. కొడుకు ఎలా పోయాడో ఆమెకు అప్పటికింకా పూర్తిగా తెలియలేదు. ఎందుకు పోయాడో చెప్పడానికి మాత్రం మన విద్యార్థికి ఆరు రోజులు చాలాయి.