బంగాళాదుంప కూర వెనక కథ

దేరా, దుబాయ్

బావా,

అక్క ఫోన్లో అంతా చెప్పింది. కాశీయాత్ర నుంచి వచ్చిన దగ్గర్నుంచీ రావులపాలెం టీకొట్టు దగ్గర కూర్చుని మా పాత టూరు బస్సు ఓనరుగారిని ఉతికి ఆరేస్తున్నావంట. ఆయన్ని తిట్టే హక్కు నాకుంది, రెండు నెలల జీతం బాకీ. నీకేముంది?

బస్సు గుడిదాకా పోలేదన్నావంట. కాశీలో గొదౌలియా దాటాక ఆ సందుల్లోకి బస్సు ఎలా పోద్ది? ఆంబోతు ఎదురొస్తే మనిషే కేలండర్లా గోడకంటుకోవాలి. కాశీలో తొమ్మిది నిద్రలు చేయించలేదన్నావంట. పదకొండు రోజుల టూరుకి డబ్బు కట్టి అక్కడే తొమ్మిది నిద్రలు చేస్తే గయ, ప్రయాగ ఎవరు చూసొస్తారు? అయినా నీ తొమ్మిది నిద్రలూ బస్సులోనే అయిపోయాయంది అక్క.

ఇక రోజూ బంగాళాదుంప కూరే అన్న ఫిర్యాదు. అది వినే ఈ ఉత్తరం మొదలెట్టా.

గయలో అక్షయవటం కింద ఇష్టమైన కాయో పండో వదిలెయ్యాలి కదా. నువ్వు వదిలింది కాకరకాయ, బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నీకు పడనిది. మా ఓనరు అలా కాదు. ట్రిప్పుకొకటి చొప్పున నిజంగా ఇష్టమైనవే వదిలాడు. గుత్తివంకాయ మొదటి ట్రిప్పులోనే పోయింది. తర్వాత బెండ, దొండ, బీర, పొట్ల. కందాబచ్చలి వదిలిన రోజు వెనక సీట్లో కూర్చుని కళ్లు తుడుచుకోవడం నేను చూశా. ఇన్నేళ్లకి ఆయన తినడానికి మిగిలింది బంగాళాదుంపొక్కటే. ఓనరు తినని కూర వంటవాడు వండుతాడా?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నలభై మందితో కాశీలో ఇరుక్కుపోయాం. ఎవరిది ఏ బీపీ మాత్రో చీటీ రాసుకుని, పోలీసుల్ని బతిమాలుకుంటూ మందులషాపులన్నీ తిరిగాడాయన. పాసులొచ్చి ఇళ్లకి చేరాక ఎవర్నీ పైసా ఎక్కువ అడగలేదు. బస్సు మాత్రం ఫైనాన్సు వాళ్లు పట్టుకుపోయారు. నా జీతం ఆ దెబ్బలోనే పోయింది, నేనిలా ఎడారిలో పడ్డాను. ఆయన మళ్లీ అప్పుచేసి కొన్న బస్సులోనే నువ్వు కాళ్లు చాపుకుని వెళ్లొచ్చావు.

ఇక్కడా ఇదే వరస. మొన్న చలికాలంలో పొద్దున్నే ఓ పెద్దమనిషిని బుర్జ్ ఖలీఫాకి తీసుకెళ్లా. 828 మీటర్ల మేడ. 124వ అంతస్తుకెక్కితే కిందంతా పొగమంచు. ఊరు కనబడలేదని దిగొచ్చి నామీద ఎగిరాడు. మా ఓనరు చెప్పే మాటే చెప్పా: "ఈ ట్రిప్పుకి ఇంతే ప్రాప్తం." హిందీలో చెప్పేసరికి వేదాంతమనుకుని టిప్పిచ్చాడు.

కార్తీకంలో ఆయన ఇంకో ట్రిప్పు వేస్తున్నాడంట. కాస్త వెళ్లి కలువు. వదలడానికి కూరలేవీ మిగల్లేదని, ఈసారి నా జీతం బాకీ గాని వదిలేసొస్తాడేమో!

నీ బామ్మర్ది