గోడలు కొట్టించే బాబాయి

నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఏ ఊరెళ్లినా ఒకాయన తగులుతాడు. మిరపకి ధర పలికిన ఏడాదో, అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చిన ఏడాదో ఆయన కన్ను తాతలనాటి మిద్దె మీద పడుతుంది. 2022లో పేట జిల్లా కేంద్రమై, అక్కడి అపార్టుమెంట్లు చూసొచ్చాక ఇక ఆగడు.

"ఇదేం ఇల్లురా! ఈ గదిలోవాడికి ఆ గదిలోవాడు కనపడడు. అంతా ఒకటే హాలు చేసేస్తా. వంటిల్లూ అందులోనే!"

కాదంటే చరిత్ర తీస్తాడు. "బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టింది ఈ గడ్డమీదేగా? అన్ని కులాలనీ ఒక్క చాపమీద కూచోబెట్టాడాయన. నేను ఇంట్లోవాళ్లని కూచోబెట్టలేనా?" ఆ కథ చివరికి కారంపూడి రణరంగంలో తేలిందని ఎవరూ గుర్తుచెయ్యరు. ఇంటి పెద్ద కదా.

మేస్త్రి వస్తాడు. పిడుగురాళ్ల సున్నం కొట్టిన మూరెడు మందం రాతిగోడని అరచేత్తో చరిచి పైకి చూస్తాడు. దూలాలు, వాటిమీద వాసాలు, వాసాలమీద నాపరాళ్లు, ఆపైన జానెడు మట్టి.

"ఈ గోడ తీస్తే మిద్దంతా నా నెత్తిన కూర్చుంటది పెద్దాయనా."

"ఇనప గడ్డరెయ్యి."

"గడ్డరుకి అటో స్తంభం, ఇటో స్తంభం కావాలిగా?"

"మధ్యలో స్తంభాలుంటే ఓపెనెట్లా అవుద్దయ్యా?"

మూడ్రోజుల వాదన తర్వాత గోడ పడింది, స్తంభాలు నిలిచాయి. పెరట్లోకి స్లాబు పోశారు, రోలు వీధిలోకొచ్చింది. సింకు బిగించిన మర్నాడు సిద్ధాంతి వచ్చి పొయ్యిని ఆగ్నేయానికి జరిపించాడు. చూడవచ్చిన చుట్టాలు "అచ్చం కల్యాణమండపమే" అన్నారు. బాబాయి దాన్ని మెచ్చుకోలే అనుకున్నాడు.

మర్నాడు పిన్ని గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేయించింది. పల్నాటి మిరప! టీవీ ముందు బాబాయి, లాప్‌టాప్‌లో మీటింగున్న కొడుకు, ఎక్కాలు చదువుతున్న మనవరాలు ఒకేసారి దగ్గు అందుకున్నారు. ఇంటిల్లిపాదీ కలిసి ఒకే పని చెయ్యడం ఆ హాల్లో అదే మొదలు.

సాయంత్రానికి కోడలు స్తంభానికీ స్తంభానికీ తాడు కట్టి చీర వేలాడదీసింది.

"అదేంటమ్మా?"

"ఆరేశా మావయ్యా."

ఆ చీర వారమైనా ఆరలేదు. పక్కన బీరువా వచ్చి చేరింది. దానికి ఆనుకుని ఫ్రిజ్. పాత గోడ ఎక్కడుండేదో సరిగ్గా అక్కడే.

టీవీ, కుక్కరు, ఎక్కాలు, మీటింగు అన్నీ ఒకేచోట మోగుతుంటే మధ్యాహ్నం కునుకు పడుతుందా? బాబాయి తలగడ పట్టుకుని ఎదురింటి అరుగుమీదికి పోతాడు. కునుకు తీశాక లేచి, ఆ ఇంటి గోడని వేలితో కొట్టి చూస్తాడు.

"ఒరే అబ్బాయ్, దీన్ని తీసేస్తేనా..."