క్లయింటు కాల్: టీకా తాత్పర్య సహితం

అవతారిక: చెడు వ్యాఖ్యల వల్ల మూర్ఛపోయిన కాళిదాసు వాక్కుకు ప్రాణం పోయాలని 'సంజీవని' రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొల్చారం. ఆ సీమకు ఎంతో దూరం లేని మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ లేచింది మొదలు రోజూ సాయంత్రం ఇంగ్లీషులో ఒక సంవాదకావ్యం పుడుతూనే ఉంది. వ్యాఖ్యాత మాత్రం ఇంకా పుట్టలేదు. అందువల్ల ఈ సాహసం.

మూలం:
లండన్ ఉవాచ: ఇట్స్ క్వైట్ గుడ్. జస్ట్ ఎ ఫ్యూ మైనర్ కామెంట్స్. లెట్స్ టేబుల్ ద బడ్జెట్.
హైదరాబాద్ ఉవాచ: ష్యూర్ ష్యూర్. విల్ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బై ఈఓడీ.
న్యూయార్క్ మ్యూట్‌లో వినుచుండెను.

టీక: క్వైట్ గుడ్ = ఏదో ఫర్వాలేదు. ఇది ఆంగ్లేయ సంప్రదాయం. అమెరికా శాఖవారికి ఇదే మాట నిండు మెచ్చుకోలు. కాబట్టి వాక్యం విన్న వెంటనే వక్త ఏ దేశస్థుడో విచారించవలెను. ఫ్యూ మైనర్ కామెంట్స్ = మొత్తం తిరిగి రాయుడు. వివరణ అనవసరం.

టేబుల్ = బ్రిటన్‌లో ఇప్పుడే చర్చకు పెట్టుట; అమెరికాలో పక్కన పెట్టుట. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఒక్క మాట మీద ఉభయ దేశాల సేనాధికారులు చాలాసేపు ఘాటుగా వాదించుకున్నారట. చివరికి చూస్తే ఇరువురూ కోరింది ఒకటే. తన యుద్ధచరిత్రలో చర్చిల్ ఈ ముచ్చట రాశాడు. ప్రస్తుత సందర్భంలో లండన్ ఫైలు తెరిచింది, న్యూయార్క్ మూసింది. హైదరాబాద్ ఇద్దరికీ తలాడించింది. కెమెరా ఆపి ఉన్నందున ఆ తల ఊపు నిష్ఫలం.

పూర్వపక్షం: "బాగాలేదని సూటిగా చెప్పవచ్చు కదా, ఈ డొంకతిరుగుడేల?" అని శిష్యుడు.

సమాధానం: పెళ్లిచూపుల్లో ఉప్మా తిని, కాఫీ తాగి, "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అన్న మగపెళ్లివారు గుమ్మం దాటకముందే ఫలితం తెలుసుకున్న జాతి మనది. ధ్వని సిద్ధాంతం చెప్పడానికి తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరాన ఆనందవర్ధనుడు పుట్టాల్సి వచ్చింది గానీ, మన మేనత్తలకు అది ఉగ్గుపాలతోనే అబ్బింది. అంతటివాళ్లం హెడ్‌సెట్ తగిలించుకోగానే వాచ్యార్థం దాటి అంగుళం కదలం. క్లయింటు "ఇంటరెస్టింగ్" అంటే మురిసిపోయి సహోద్యోగులకు మెయిలు పెడతాం. పాపం, మన యాస దిద్దించడానికి కంపెనీలు శిక్షకులను పెడతాయి. యాసకు వచ్చిన లోటేమీ లేదు, మేనత్తను కూర్చోబెడితే సరిపోయేది.

ష్యూర్ ష్యూర్ = ఆమ్రేడితం. మొదటిది "వింటున్నాను", రెండోది "ఇక ముగించండి". మనది ఊఁ కొట్టడం మాత్రమే. అవతలివారు మాత్రం దాన్ని ఒప్పుకోలుగా రాసుకుంటారు, గడువు తేదీతో సహా.

నీడ్‌ఫుల్ = ఏం చేయాలో ఇంకా తెలియదు, అయినా చేస్తాను. దొరలు తెచ్చి, ఇక్కడ వదిలి, వాళ్ల ఊళ్లో మరిచిపోయిన మాట. ఇప్పటికీ మన కార్యాలయాల్లో చెక్కుచెదరకుండా ఉంది.

రివర్ట్ = మన ఉద్దేశంలో జవాబిచ్చుట. అవతలివారికి పూర్వస్థితికి మళ్లించుట. సాఫ్ట్‌వేర్‌వాళ్లకైతే మరీ ప్రమాదం: చేర్చిన కోడ్‌ను వెనక్కి తీసేయుట. "సాయంత్రానికి రివర్ట్ చేస్తాం" అని వినయంగా రాస్తే, పని మొత్తం చెరిపేస్తారేమోనని క్లయింటు గుండె పట్టుకుంటాడు.

ఈఓడీ = దినాంతం. ఎవరి దినం? చలికాలంలో న్యూయార్క్ మనకు పదిన్నర గంటలు వెనక, లండన్ అయిదున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారం గంట ముందుకు జరుగుతుంది; బ్రిటన్‌ది చివరి ఆదివారం దాకా కదలదు. మనది ఎప్పుడూ కదలదు. ఆ నడిమి రోజుల్లో కాల్‌కు వేళకు వచ్చేవాడు ధన్యుడు. సాధారణంగా ఈఓడీ అనగా క్లయింటు నిద్ర లేచి చూసేలోపు అని భావము.

తాత్పర్యం: పత్రం బాగాలేదని లండన్ చెప్పింది. బాగుందని హైదరాబాద్ విన్నది. బడ్జెట్ సంగతి ఈరోజుకు లేదని న్యూయార్క్ కాఫీకి లేచిపోయింది.

పాఠాంతరం: కాల్ తర్వాత పంపిన మినిట్స్ ప్రతిలో ఈ సంవాదమంతా లేదు, "ఆల్ అలైన్డ్" అని మాత్రమే కనిపిస్తుంది. ఇది ప్రక్షిప్తం.