కూచోని కుక్క

బీగిల్ జాతితో మాకు పరిచయం అమెరికాలో, విమానం దిగిన అరగంటకి జరిగింది. మా అబ్బాయి దగ్గరికి మొదటిసారి వెళ్తూ మా ఆవిడ చీర మడతల్లో కరివేపాకు పెట్టింది. పెట్టెలు తీసుకుని నిలబడ్డామో లేదో, ఆకుపచ్చ కోటు తొడుక్కున్న బుల్లి కుక్క ఒకటి చెవులు వేలాడేసుకుని వచ్చింది. మొరగలేదు, మీద పడలేదు. మా పెట్టె పక్కన బుద్ధిగా కూచుంది.

"ఎంత మర్యాదగా కూచుందో చూడండి!" అని మురిసిపోయింది మా ఆవిడ. పెట్టె తెరవమన్నాక గానీ ఆ మర్యాదకి అర్థం తెలియలేదు. నిమ్మ, నారింజ చెట్లకి తెగులు మోసుకొచ్చే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందట. 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో ఈ కుక్కల కాపలా మొదలెట్టారట, పేరు బీగిల్ బ్రిగేడ్. దానికి బహుమానంగా బిస్కెట్టు దొరికింది. మాకు ఆర్నెల్లపాటు కరివేపాకు లేని చారు దొరికింది.

ఆ తర్వాత మావాడు హైదరాబాదుకి మారి, సరిగ్గా ఆ జాతి పిల్లనే కొని, మళ్లీ ఆన్‌సైట్ అనగానే దాన్ని బందరు తెచ్చి మా చేతుల్లో పెట్టాడు. "భలే తెలివైన జాతి నాన్నా, ఎయిర్‌పోర్టులో చూశారుగా!" అన్నాడు. దాని పేరు కుకీ. రెండ్రోజుల్లో మా ఆవిడ నోట్లో అది 'కుక్కీ' అయింది. "కుక్కకి కుక్కనే పేరేంటండీ పిన్నిగారూ" అని ఎదురింటమ్మాయి ఇప్పటికీ నవ్వుతుంది.

ఇక చదువు. కొన్న కుక్కతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని మనకెవరు చెప్పారో! వీధికుక్కకి 'ఛెయ్', ఇంటికుక్కకి 'కమాన్'. నా అనుమానం 1611 మీద. ఆ ఏడు ఇంగ్లీషువాళ్లు మా బందర్లోనే కోఠీ పెట్టారు కదా, వాళ్లే మప్పి ఉంటారు. నేను "సిట్" అన్నాను. కుకీ తోకాడించింది. మా ఆవిడ "కూచో తల్లీ" అంది. మా అమ్మ వాలుకుర్చీలోంచి "ఓ మూల పడుండవే" అంది. పనమ్మాయి "ఏయ్" అంది. ఒకే పాఠానికి నలుగురు మేష్టర్లు, నాలుగు సిలబస్సులు. అది అందరి మొహాలూ చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

గుడివాడలో మా బావమరిదికి లాబ్రడార్ ఉంది. కూచోమంటే కూచుంటుంది, పాలవాడితో సహా అందరికీ షేక్‌హ్యాండిస్తుంది. "జాతిని బట్టి ఉంటుందండీ బావగారూ. మనుషుల్లో పైకి అనకూడదు గానీ కుక్కల్లో అనుకోవచ్చు" అన్నాడు. వాడి దగ్గర సాక్ష్యం కూడా ఉంది. స్టాన్లీ కోరెన్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త కుక్కల పోటీలకి తీర్పులిచ్చే రెండొందల మంది దాకా అడిగి, 1994లో పుస్తకం వేశాడు. పైవరస జాతులు కొత్త మాట అయిదుసార్లు చెప్పేలోపే పట్టేస్తాయి. అట్టడుగువాటికి ఎనభై నుంచి వందసార్లు చెప్పాలి. బోర్డర్ కోలీ ఫస్టు, లాబ్రడార్ ఏడో ర్యాంకు. బీగిల్ ఎక్కడుందో కింది నుంచి వెతుక్కోమన్నాడు. త్వరగానే దొరికింది.

పౌరుషం వచ్చి, మర్నాడు పొద్దున్నే కుకీని గిలకలదిండి వైపు షికారు తీసుకెళ్లాను. బుద్ధి ఉన్నవాడెవడూ బీగిల్‌ని చేపల రేవుకి తీసుకెళ్లడు. ఎండుచేపల వాసన తగలగానే దాని ముక్కు నేలకి అంటుకుంది, చెవులు మూసుకుపోయాయి. ఆ పూట ఎవరు ఎవర్ని షికారు తిప్పారో రేవులో అందరూ చూశారు. ఒకావిడ జాలిపడి రెండు సావిడాయిలు దానికి పడేసి, "మీరు కాసేపు కూచోండి బాబుగారూ" అంది. కూచున్నాను. ఒక్కసారి చెప్తే చాలింది నాకు.

రొప్పు తగ్గాక ఆలోచిస్తే, అది మొద్దని అనబుద్ధి కాలేదు. కుందేలు వాసన పట్టుకుని, వెనక మనిషి ఉన్నాడో లేడో చూడకుండా పరిగెత్తడానికే తరతరాలుగా పెంచిన జాతి అది. లాబ్రడార్ ముత్తాతలు జాలర్ల పక్కన, వేటగాళ్ల పక్కన వాళ్ల మొహం చూస్తూ పనిచేసినవి. చెప్పిన మాట వినడాన్నే తెలివి అంటే ర్యాంకులు అలాగే వస్తాయి. మా క్లాసులో ఫస్టు వచ్చినవాళ్లు ఎవరో నాకు గుర్తే.

నాగాయలంకలో మా పెదనాన్నగారి అబ్బాయికి రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద ఓ ఊరకుక్క, పేరు కూడా లేదు. తెల్లారుజామున నీటికాకుల్ని తరిమేది అదే. రాత్రిపూట గట్టెక్కింది ఎవరో అడుగుల చప్పుడుని బట్టి చెప్పేది అదే. "దీనికెవరు నేర్పార్రా అన్నయ్యా?" అంటే, "నేర్పడానికి నాకెక్కడ తీరిందిరా" అన్నాడు. నేను దాన్ని చూసి "సిట్" అన్నాను. ఎవర్నంటున్నానో అని అది వెనక్కి తిరిగి చూసింది. కోరెన్‌గారి జాబితాలో దానికి ఆఖరి ర్యాంకు కూడా లేదు.

ఆమధ్య నాకూ ఓ ఆయుధం దొరికింది. 2022లో 'సైన్స్' పత్రికలో పరిశోధన వచ్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల యజమానుల్ని ప్రశ్నలడిగి తేల్చిందేమిటంటే, కుక్కకీ కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వాటా దాదాపు 9 శాతమే. మాట వినే గుణంలో మాత్రం కాస్త ఎక్కువట. ఈ రెండో ముక్క మింగేసి మా బావమరిదికి ఫోన్ చేశాను.

"మరి మిగతా 91 శాతం?" అన్నాడు.

"దాని సొంత బుద్ధి, పెరిగిన ఇల్లు, పెంచినవాళ్లు..."

"అయితే లోపం మీ ఇంట్లోనే ఉందన్నమాట బావగారూ!"

ఇదంతా అయి నెల తిరక్కుండా, మొన్న ఆదివారం మా ఆవిడ హాల్లోంచి ఒకటే కేక. "ఏవండీ, ఇలా రండి! కుక్కీ కూచుంది! ఎవరూ చెప్పకుండానే!"

పరిగెత్తుకెళ్లాను. నిజమే. వీపు నిటారుగా పెట్టి, కళ్లార్పకుండా, నా బీరువా ఎదురుగా బుద్ధిగా కూచుంది. ఆ బీరువాలో, ఇన్సూరెన్సు కాగితాల వెనక, నెయ్యి ఓడుతున్న అరకిలో బందరు లడ్డు ఉంది. నా షుగరు 240 అని రిపోర్టు వచ్చి అప్పటికి వారమైంది.

మా ఆవిడ మురిపెంగా దాని తల నిమరబోయి ఆగింది. కుక్క వంక చూసింది. బీరువా వంక చూసింది. ఆమెకి ఆకుపచ్చ కోటు గుర్తొచ్చినట్టుంది.

"తాళం ఇలా ఇవ్వండి" అంది.