ముందు ప్రశ్న చదవరా!

మా మనవడికి ట్యూషన్లు నాలుగు. లెక్కలకో సారు, సైన్సుకో మేడమ్, ఇంగ్లీషుకో అక్క, మిగతావాటికి ఫోను. ప్రశ్నను ఫొటో తీసి పంపితే చాలు, నా కాఫీ చల్లారేలోపు జవాబు దిగిపోతుంది. వాడు దాన్ని గుండ్రటి అక్షరాలతో నోట్సులోకి ఎక్కిస్తాడు. ‘‘ఇంతకీ ఏమడిగార్రా?’’ అంటే బిక్కమొహం వేసి, ‘‘ఎయిట్ మార్క్స్ క్వశ్చన్ తాతా’’ అంటాడు. అడిగింది మార్కులా నేను?

మా రోజుల్లో ఊరంతటికీ ఒకే ట్యూషన్ మాస్టారు. తెలుగు మొదలు లెక్కల దాకా అన్నీ ఆయనే, ఒకే అరుగు మీద. జవాబు మాత్రం చచ్చినా చెప్పేవారు కాదు. ముందు ప్రశ్న పైకి చదవాలి. ఆ తర్వాత పుస్తకం మూసి అదే ప్రశ్న మన మాటల్లో అప్పజెప్పాలి. ‘భేదములు తెలుపుము’ అంటే కాగితం నడిమధ్య నిలువుగీత పడాల్సిందే. ఎడమపక్క ధమని గోడ మందమని రాసి, కుడిపక్క సిరలో కవాటాలుంటాయని రాస్తే జోడీ కుదరలేదని కొట్టేసేవారు. ‘నిరూపింపుము’ అంటే దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి వరసగా రావాలి. ‘కారణములు వ్రాయుము’ అంటే కథ చెప్పకూడదు. మొదటి ప్రపంచయుద్ధం అనగానే 1914లో సారయెవో హత్యతో మొదలుపెట్టామా, ‘‘అది నిప్పురవ్వరా, మందుగుండు ఎవడు పోగేశాడు?’’ అని బెత్తం అందుకునేవారు.

ఇక పద్యపాదం ఇస్తే గురులఘువులు మేమే గుర్తించాలి. భ ర న భ భ ర వ వస్తే ఉత్పలమాల, పదో అక్షరం యతి. మొన్న మనవడి ఫోను ఓ ఉత్పలమాల పాదాన్ని పట్టుకుని చంపకమాల అని ఢంకా బజాయించింది. చంపకమాల న గణంతో, అంటే మూడు లఘువులతో మొదలవుతుంది. ఆ పాదంలో మొదటి అక్షరమే గురువు! ఒక్క అక్షరం చూస్తే తేలిపోయే సంగతి. వీడు చూస్తేగా? రాసేసుకున్నాడు.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ అరుగు మీద ఆడపిల్లలు దీపాలవేళకే ఇంటిదారి పట్టాలి, సందేహం తీరినా తీరకపోయినా. ఇవాళ మా మనవరాలు రాత్రి పదింటికి కూడా బెత్తం భయం లేకుండా ఫోన్ని అడుగుతుంది. అదీగాక 11 పేపర్ల టెన్త్‌ను కరోనా తర్వాత కుదించారు కూడా. ఇన్ని సదుపాయాలుండీ ప్రశ్న చదవడానికి తీరిక లేదంటే నాకు ఒళ్లు మండదూ?

పరీక్ష హాల్లోకి మాస్టారూ రారు, ఫోనూ రానివ్వరు. కాబట్టి అమ్మానాన్నలూ, ఈ రాత్రికి ఓ పని చెయ్యండి. పిల్లాడు ఫోను తియ్యబోతే పట్టుకుని, ‘‘ప్రశ్న ఏమిటో ముందు నాకు చెప్పు’’ అనండి. చెప్పాకే ఇవ్వండి.