వెంకటమ్మనహళ్లిలో మంచు కురిసింది

మా వెంకటమ్మనహళ్లిలో మొన్న మంచు కురిసింది. పావగడ తాలూకా ఎరిగినవాళ్లు నవ్వుతారు, వానే పిలిస్తే పలకని చోట మంచేమిటని. కురిసింది చేలల్లో కాదు, ముప్పై రెండు పేజీల ఆర్టు పేపరు మీద. ఊరు విడిచి బెంగళూరులో బాగుపడిన ఒకాయన 'ఈ నేల మీద పుట్టిన తొలి బొమ్మల ప్రేమకథ' అంటూ పుస్తకం వేసి, రచ్చకట్ట మీద శాలువా కప్పించుకొని మరీ ఆవిష్కరించుకున్నాడు. పేరెందుకు? మీ ఊళ్లోనూ అలాంటాయన ఒకడుంటాడు. లేకుంటే వచ్చే వారానికి తయారవుతాడు.

కథ చెబుతాను, ఎంతోసేపు పట్టదు. మంచుకొండ మీద కోట. కోటలో బంగారు జుట్టు రాకుమారి. తెల్లగుర్రం మీద రాకుమారుడు. చూపులు కలిశాయి, పూలు రాలాయి, శుభం. రాయడానికి పది నిమిషాలు, బొమ్మలకు ఇరవై నిమిషాలు పట్టిందట. కంప్యూటరుకు నాలుగు ముక్కలు చెబితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుందట. ఈ అరగంట ఘనతను ఆయన మైకులో చెప్పుకుంటుంటే నా పక్కన కూర్చున్న పెద్దాయన గొణిగాడు: "ఏమప్పా, ఎసరు పెట్టి సంగటి గెలకను గూడా అంతకంటే ఎక్కువే పడుతుంది గదా!"

ఇక బొమ్మలు. ఏడో పేజీ చూడండి. రాకుమారి వీణ వాయిస్తోంది, కుడిచేతికి ఆరు వేళ్లు. ప్రేమలో పడితే ఒక వేలు అదనంగా మొలుస్తుంది కాబోలు. గుర్రానికి కాళ్లు నాలుగే గానీ, దాని మీదున్నాయనకు మూడు. వెనకాల చింతమాను ఉండాలని అడిగాడట. మాను వచ్చింది, దానికి ఆపిల్ పండ్లు కాశాయి. అన్నిటికీ మించింది కోటగుమ్మం మీది రాత. తలకట్టుంది, కొమ్ముంది, సున్నా ఉంది, అక్షరమే లేదు. కన్నడ బడికి పోయే పిల్లోడు చూసి "ఇది తెలుగు" అన్నాడు. తెలుగు చదవను వచ్చిన ముసలాయన కళ్లద్దాలు సర్దుకొని "కాదురా, కన్నడమే" అని తేల్చాడు. రెండు భాషలకూ సమానంగా అన్యాయం చేసిన ఘనత ఈ పుస్తకానికే దక్కాలి.

నవ్వు అటుంచి చూస్తే ఇది చిన్న తప్పు కాదు. మాది కర్ణాటకే అయినా, మా తాలూకాను దాదాపు అన్ని వైపులా ఆంధ్ర చుట్టుకొని ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. చాలామంది పిల్లలకు తెలుగు నాలుక మీద ఆడుతుంది, కాగితం మీద కనబడితే గుర్తుపట్టలేరు. ఇలాంటి ఊళ్లో తెలుగు కథల పుస్తకం ఇస్తే పిల్లలు చదివేది బొమ్మనే. ఆ ఒక్కదాన్నీ ఆయన యంత్రానికి గుత్తకిచ్చేశాడు.

బొమ్మ విలువ తెలిసినవాళ్లు ఒకప్పుడు ఉండేవాళ్లు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి 'చందమామ' మొదలుపెట్టారు. తర్వాత అది కన్నడంలోనూ వచ్చింది. భాష మారేది, బొమ్మ మారేది కాదు. 1954లో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' సీరియలు మొదలైతే బొమ్మలు వేసింది 'చిత్ర'. శ్రీకాకుళం వడ్డాది పాపయ్య, కన్నడ దేశపు ఎం.టి.వి. ఆచార్య, తమిళుడు శంకర్, అందరూ ఆ పత్రికకే గీశారు. వాళ్ల రాక్షసుడికి కోరలుండేవి, కొమ్ములుండేవి. వేళ్ల లెక్క మాత్రం తప్పేది కాదు.

ఇక ఆ 'తొలి' అన్న మాట. హిందూపురం దాటి లేపాక్షికి పోయి తల పైకెత్తితే తెలుస్తుంది. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, వీరభద్రాలయం కప్పు మీద పార్వతి పెళ్లి బొమ్మలుగా వేసి పెట్టారు. ఆ పెళ్లికొచ్చిన ఆడవాళ్ల చీరల అంచులు, పువ్వులు ఈనాటికీ నేతగాళ్లకు నమూనాలు. బొమ్మ వేసినవాడు తన కాలపు చీరను కళ్లారా చూశాడు కాబట్టే అది నిలిచింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలును పలచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులద్ది సీతమ్మను చేస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలై మెరుస్తాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మన రచయితకు మంచుకొండ దాకా దారి తెలిసింది, నిమ్మలకుంట బస్సే దొరకలేదు.

అచ్చు సంగతీ చెప్పాలి. ప్రచురణకర్త ప్యాకేజీలో ఐఎస్‌బీఎన్‌కని వేరే పద్దు రాసి వసూలు చేశాడట. మన దేశంలో ఆ పదమూడంకెల నంబరు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. ఊరికే వచ్చేదాన్ని కొనుక్కోవడం, కష్టపడి చేయాల్సినదాన్ని ఊరికే చేయించుకోవడం, ఈ కొత్త ప్రచురణ విద్యకు ఇవే రెండు సూత్రాలు. ఈ-బుక్కు వేసి ప్రపంచానికి చేరతానన్నాడు. 2016లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలను లోపలికి పిలిచినప్పుడు తెలుగు, కన్నడ రెండూ గుమ్మం బయటే నిలబడ్డాయని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

సభలో ముఖ్య అతిథి "ప్రేమకు కులం లేదు, ఎల్లలు లేవు" అని పలికాడు, చప్పట్లు మోగాయి. రాకుమారుడు గొర్రెలకాపరి బిడ్డను చేసుకుంటే కథల్లో శుభం కార్డు, మన వీధిలో పంచాయితీ. అందుకేనేమో ప్రేమకథను మంచుకొండ దాకా తరిమారు. అక్కడైతే ఎవరూ ఇంటిపేరు అడగరు.

పేపర్లలో మా ఊరి పేరు గట్టిగా వినబడింది 2005 ఫిబ్రవరిలో, పోలీసు క్యాంపు మీద నక్సలైట్లు దాడి చేసినప్పుడు. అలాంటి ఊరి నుంచి ఒక ప్రేమకథ వస్తుందంటే సంతోషపడని వాళ్లెవరు? తీరా చూస్తే పుస్తకంలో మా ఊరు ఉన్నది రచయిత చిరునామాలోనే. కథకు సరుకు లేకనా? తిరుమణి వైపు పోతే 13 వేల ఎకరాల్లో సోలారు పలకలు నీలంగా పరుచుకొని ఉంటాయి, నీటిచుక్క లేని సముద్రంలా. రాకుమారుడు దాటడానికి అంతకంటే పెద్ద సముద్రం కావాలా? ఫ్లోరైడు లేని నీళ్లు బిందెడు తెచ్చినవాడికే పిల్లనిస్తానన్న రాజు ఉంటే, అది మా తాలూకాలో సాహసగాథే గదా.

రాయొద్దనడం లేదు. యంత్రం దగ్గర కూర్చునే ముందు ఒక పని చేయండి. దీపాలు పెట్టినాక ఒక పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని మీ కథ నోటితో చెప్పండి. మా అవ్వ ప్రతి వాక్యానికీ ఆగేది, మేము 'ఊఁ' అంటేనే ముందుకు కదిలేది. ఆ పిల్ల ఊఁ కొట్టి, "ఆమీద ఏమాయె?" అని అడిగిందా, బొమ్మలు వేసేవాణ్ని వెతుక్కోండి, వాడికి కూలి ఇవ్వండి, బొమ్మ కింద కథను రెండు లిపుల్లోనూ అచ్చు వేయండి. ఊఁ ఆగిపోయిందా, మీరూ ఆపేయండి. శాలువా ఖర్చు మిగులుతుంది.