పథ్యం అడగని మందులు

మా రోజుల్లో వైద్యుడు మందు పొట్లం చేతిలో పెట్టేముందు ఏం తినకూడదో చెప్పేవాడు. వంకాయ వద్దు, గోంగూర వద్దు, కొత్త చింతపండు వద్దు, పగటి నిద్ర అసలే వద్దు. ఆ జాబితా వినగానే సగంమంది మొహాలు మాడిపోయేవి. ఇప్పుడు హైదరాబాద్‌లో మా మధురానగర్‌లో ఏ మందుల షాపుకెళ్ళినా కౌంటరు మీద పొడపత్రి, నేరేడు గింజ, కాకర, మెంతి అన్నీ కలిపి కుక్కిన క్యాప్సూళ్ళ డబ్బా ఉంటుంది. పథ్యం ఏమైనా ఉందా అని అడిగితే కుర్రాడు, "ఏం అక్కర్లేదంకుల్, అన్నీ తినొచ్చు. అంతా నేచురల్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్నాడు. ఉమ్మెత్తకాయ కూడా నేచురలే నాయనా అన్నాను. నవ్వాడు గానీ డబ్బా అమ్మడం మానలేదు.

ఆ డబ్బాని కళ్ళజోడు పెట్టుకుని చదివాను. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది: ఇది ఔషధంగా వాడడానికి కాదు అని. సప్లిమెంట్ల మీద ఆ మాట వేయాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నిబంధన. అంటే డబ్బా మందు కాదంటుంది, అమ్మేవాడు మందంటాడు, కొన్నవాడు షుగర్ మాత్ర పక్కనపెట్టి దీన్ని మింగుతాడు. అమీర్‌పేట పోయే దారిలో గోడలకీ స్తంభాలకీ అంటించిన కాగితాలు చూడండి, షుగరు మాయం, బీపీ మాయం, మోకాళ్ళ నొప్పులు మాయం. ఈ జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వకూడదని 1954లోనే చట్టం చేశారు, ఆ నిషేధ జాబితాలో మధుమేహమూ రక్తపోటూ రెండూ ఉన్నాయి. చట్టానికి డెబ్బై ఏళ్ళు దాటాయి, కాగితాలకి మాత్రం జిగురు ఇంకా ఆరలేదు.

మెంతుల సంగతే తీసుకోండి. నేను మెంతులకి వ్యతిరేకిని కాను, మా ఇంట్లో మెంతులు లేని పోపు లేదు. మెంతుల మీద సరైన పరిశోధన జరిగింది కూడా ఎక్కడో కాదు, మన తార్నాకలోనే. జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 1990లో ఇన్సులిన్ మీద బతికే రోగులకి మెంతిపిండి పెట్టి చూశారు. పరగడుపు చక్కెర తగ్గింది. ఎంత పెట్టారో తెలుసా? నూనె తీసిన పిండి రోజుకి 100 గ్రాములు, రెండు పూటలా భోజనంలో కలిపి. ఇన్సులిన్ మానేయమని ఆ పరిశోధన చెప్పలేదు. ఇప్పుడు క్యాప్సూలుకి పట్టేది అర గ్రాము. ఆ లెక్కన రోజుకి రెండు వందలు మింగాలి. ఆ డబ్బు పెట్టి ఎర్రగడ్డ రైతుబజార్లో కొనుక్కుంటే మెంతులూ వస్తాయి, మెంతికూరా వస్తుంది, చేతిలో చిల్లరా మిగులుతుంది.

"మాత్రలన్నీ కెమికల్సండీ" అని పార్కులో ఒకాయన రోజూ వాదిస్తాడు. ఆయన మానేసిన మెట్‌ఫార్మిన్‌కి మూలం గలేగా అనే యూరప్ మొక్క. రక్తపోటుకి మన సర్పగంధి వేరు పనిచేస్తుందని 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ లెక్కలతో ఒక బ్రిటిష్ పత్రికలో రాస్తేనే ప్రపంచం నమ్మింది. ఆకుల్లో సత్తువ ఉంది కాబట్టే భయపడాలి అంటాను నేను. సత్తువ లేకపోతే ఎంత తిన్నా నష్టమేముంది? దగ్గుకి అతిమధురం నాలుగు రోజులు నమిలితే హాయి. అదే ఆరోగ్యమని నెలల తరబడి టీలో కాచుకు తాగితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. కోవిడ్ కాలంలో మా వీధిలో తిప్పతీగ పాకిన గోడ ఒక్కటీ మిగల్లేదు, తెగ కోసుకుపోయారు. తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు చూశామని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. అది తిప్పతీగ తప్పు కాదు, దాన్ని పోలిన వేరే తీగ అయ్యుంటుందని ఆయుష్ శాఖ అంది. సరే, ఆయుష్ మాటే నిజమనుకుందాం. గోడ మీద పాకింది ఏ తీగో మన అపార్ట్‌మెంట్లలో చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? మా నాయనమ్మ ఆకు నలిపి వాసన చూసి చెప్పేది.

ఇక పిల్లలు అమెరికా నుంచి తెచ్చే సీసాలు. మా అబ్బాయి పసుపు క్యాప్సూళ్ళు తెచ్చాడు! నిజామాబాద్‌లో ఏకంగా జాతీయ పసుపు బోర్డే పెట్టుకున్నాం, మనకి పసుపు అమెరికా నుంచి రావాలి. గాయాలకి పసుపు మందని అక్కడివాళ్ళు 1995లో పేటెంటు కూడా తీసుకున్నారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. పోరాడి 1997లో రద్దు చేయించింది. అలాగని మన సరుకంతా పవిత్రమనీ నేననను. 2004లో బోస్టన్ దుకాణాల్లో మనవైపు నుంచి వెళ్ళిన 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది.

మా రోజులన్నీ బంగారమని చెప్పబోవడం లేదు. కాలికి పుండు పడి, అది ఎందుకు మానలేదో తెలియకుండానే పోయినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. గ్లూకోమీటరు అనే మాటే వినలేదు. అయితే అప్పటి వైద్యుడికి మన తిండి తెలుసు, నిద్ర తెలుసు, మన నాన్నకున్న జబ్బూ తెలుసు. మృగశిర కార్తెకి నాంపల్లిలో ఉబ్బసానికి చేపమందు వేస్తారే, దాన్ని జన విజ్ఞాన వేదికవాళ్ళు ఏళ్ళుగా ప్రశ్నిస్తున్నారు, నాకూ నమ్మకం లేదు. ఆ మందుకి కూడా 45 రోజుల పథ్యం ఉంది. క్యాప్సూలు డబ్బాకి అదీ లేదు. బిర్యానీ తిని రెండు వేసుకుంటే సరి!

మూలికా వైద్యమే కావాలంటే అమీర్‌పేటలో మెట్రో లైను మారి ఎర్రగడ్డ వెళ్ళండి, ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. చదువుకున్న వైద్యులు నాడి చూస్తారు, పథ్యం చెబుతారు, తిట్టాల్సి వస్తే తిడతారు కూడా. ఇంగ్లీషు వైద్యమైతే పంజాగుట్టలో నిమ్స్ ఉండనే ఉంది. ఎటు వెళ్ళినా సరే, మాత్రల చీటీతోపాటు ఇంట్లో దాచుకున్న ఆ డబ్బాలూ సీసాలూ చూర్ణాలూ అన్నీ సంచీలో వేసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టండి. ఆయన అడగకపోయినా పెట్టండి.